ఖాళీ పోస్టును మించిన ఉద్యోగి ఉన్నాడా?

ప్రభుత్వ ఆసుపత్రుల్లో బాగా క్రమశిక్షణ ఉన్న సిబ్బంది ఎవరని ఆర్థికశాఖను అడగండి. తడుముకోకుండా ఖాళీ పోస్టును చూపిస్తుంది. దానికి డీఏ బకాయిల్లేవు, హెచ్‌ఆర్‌ఏ లేదు. మెటర్నిటీ లీవు పెట్టదు, నల్లబ్యాడ్జీ తగిలించుకోదు. పైగా పీఆర్సీ, అంటే జీతాల సవరణ, వచ్చినప్పుడల్లా దాని విలువ పెరుగుతుంది. జీతం ఎంత పెరిగితే, భర్తీ చేయనందుకు ఖజానాకు అంత మిగులు.

మనుషులున్న పోస్టులతోనే తలనొప్పంతా. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జులై నుంచి, పీఆర్సీ వచ్చేదాకా అంటూ 27 శాతం మధ్యంతర భృతి ఇచ్చారు. 2022 జనవరిలో పీఆర్సీ ప్రకటిస్తూ ఫిట్‌మెంట్, అంటే మూలవేతనం మీద అసలు పెంపు, 23 శాతమన్నారు. పెళ్లిచూపుల్లో పెట్టిన స్వీటు పెళ్లిభోజనంలో మాయమైనట్టు! పెంచారన్న జీతం తగ్గిందంటూ ఫిబ్రవరి 3న ఉద్యోగులు విజయవాడలో రోడ్డెక్కారు. కృతజ్ఞత లేని మనుషులు. రిటైర్మెంట్ వయసు 60 నుంచి 62కు పెంచలేదా మరి? దాంతో ప్రభుత్వం కట్టాల్సిన గ్రాట్యుటీ రెండేళ్లు వెనక్కి వెళ్లింది. ఆ కుర్చీ కోసం చూస్తున్న నర్సింగ్ చదివిన అమ్మాయి కూడా వెళ్లింది.

మరి వార్డు ఎలా నడుస్తోందంటారా? కాంట్రాక్టు మీద. నైట్ డ్యూటీలో రెగ్యులర్ సిస్టర్, కాంట్రాక్టు సిస్టర్ పక్కపక్క మంచాల దగ్గర క్యాన్యులా పెడుతుంటారు. గుచ్చింది ఎవరో రోగి చేతికి తెలియదు, పేస్లిప్పుకే తెలుసు. ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగులకూ కనీస స్కేలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016లో పంజాబ్ కేసులో తేల్చింది. తీర్పు వచ్చిన కాగితాల ఇన్‌వార్డు రిజిస్టరులో ఎక్కడో ఉండే ఉంటుంది, వెతికించాలి.

తెలంగాణ 2021లో కొంచెం తొందరపడింది. 30 శాతం పెంపును కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్లతో పాటు ఆశా కార్యకర్తలకూ వర్తింపజేసింది. అయినా కంగారు అక్కర్లేదు. శాతం ఒకటే గానీ, దేని మీద 30 అన్నదే అసలు విషయం. పెద్ద జీతం పెద్దగా, చిన్న జీతం చిన్నగా పెరిగాయి. మధ్యలో దూరం ఇంకాస్త పెరిగింది.

ఎవరూ లేని రాత్రి సెలైన్ సీసా పైకెత్తి పట్టుకోవడానికి రోగి బావమరిది ఉండనే ఉన్నాడు. అతనికి సంఘం లేదు, సమ్మె నోటీసు ఇవ్వడు.

కాబట్టి వచ్చే ఆగస్టు 15న జిల్లా ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రాన్ని ఖాళీ పోస్టుకే ఇవ్వాలని మనవి. స్టేజీ ఎక్కడానికి ఎవరూ ఉండరని బెంగ వద్దు. ఇప్పటికే మూడు సీట్లు చూస్తున్న డాక్టరుగారు ఎఫ్‌ఏసీ (పూర్తి అదనపు బాధ్యత) మీద వచ్చి అందుకుంటారు.