స్థూల ఏకాభిప్రాయం, సూక్ష్మ కలహం

ఇంటర్నెట్ ప్రమాణాలను రాసే ఐఈటీఎఫ్‌లో ఓటింగ్ ఉండదు. ఒక్కో ప్రమాణం మీద పనిచేసే కార్యబృందానికి 'స్థూల ఏకాభిప్రాయం' కుదిరిందో లేదో దాని అధ్యక్షుడే పసిగట్టి ప్రకటించాలి. 51 శాతం అందుకు చాలదనీ, 99 శాతం స్థూలం కంటే మెరుగనీ 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2418 (ఐఈటీఎఫ్ వెలువరించే పత్రాలను ఇలా అంకె వేసి పిలుస్తారు) సెలవిచ్చింది. నడుమనున్న మెట్లలో ఏ మెట్టు మీద ఆగాలన్నది అధ్యక్షుడి పూర్వజన్మ సుకృతానికి వదిలేసినట్టుంది.

సమావేశంలోనైతే అందరిచేతా 'మ్‌మ్' అని మూలిగించి, ఏ పక్షం మూలుగు గట్టిదో వినవచ్చు. చర్చంతా ఈమెయిళ్లలో సాగే మెయిలింగ్ లిస్టులో ఆ సదుపాయం లేదు. అక్కడి మౌనం అంగీకారమో, అలసటో, గాఢనిద్రో చెప్పగల పరికరాన్ని ఎవరూ కనిపెట్టలేదు. ఉత్తరాల సంఖ్యను బట్టి తేల్చుదామా అంటే, ఒకరిద్దరే అన్నీ రాసి ఉండవచ్చునని ఆ పత్రమే హెచ్చరిస్తుంది. ఎంతటి లోకజ్ఞానం!

తుది పరిశీలనకు ఇచ్చిన రెండు వారాల గడువు ఇంకో గంటలో ముగుస్తుందనగా ఒక పెద్దమనిషి మేల్కొని, పదిహేడో పేజీలోని 'షుడ్' (పాటిస్తే మంచిది) నిజానికి 'మస్ట్' (పాటించి తీరాలి) అయి ఉండాలంటారు. ఈ రెంటి అర్థాలను 1997లోనే ఆర్‌ఎఫ్‌సీ 2119 నిర్వచించింది. పెద్దక్షరాల్లో ఉంటేనే ఆ ప్రత్యేకార్థం వర్తిస్తుందని స్పష్టం చేయడానికి మాత్రం 2017లో మరో ఆర్‌ఎఫ్‌సీ కావలసి వచ్చింది. (అసలు పెద్దక్షరాలే లేని తెలుగులో రాసి ఉంటే ఈ ఇరవై ఏళ్లూ మిగిలేవి.) మరుక్షణం ఇంకొకరు, కింద నూట ఇరవై పంక్తుల పాత సంభాషణను అలాగే వేలాడదీసి, పైన 'ప్లస్ వన్' (నాదీ అదే మాట) అని మాత్రం రాసి పంపుతారు. దేనికి ప్లస్ వన్ అన్నది పురాతత్వ శాఖ తేల్చాలి.

మితిమీరి చర్చకు అడ్డుపడేవారిని మొదట చాటుగా, తర్వాత బహిరంగంగా హెచ్చరించి, అప్పటికీ మానకపోతే గరిష్ఠంగా 30 రోజులు రాయకుండా ఆపవచ్చునని 2004లో ఆర్‌ఎఫ్‌సీ 3934 అనుమతించింది. అయితే ఆ నిర్ణయం మీద అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలు మీద ఇంకో చర్చ ఎలాగూ తప్పదు. పైగా 2014 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7282 ప్రకారం సరైన సాంకేతిక అభ్యంతరం ఒక్కరిదే అయినా, వందమంది కాదన్నంత మాత్రాన కొట్టేయకూడదు. కనుక అధ్యక్షుడు ఆ పెద్దమనిషిని ఆపిన నెల రోజులూ హాయిగా నిద్రపోయి, ముప్పై ఒకటో రోజు ఆయన నుంచి వచ్చిన పద్నాలుగు ఉత్తరాలనూ వరుసగా చదివి, పదిహేడో పేజీ విషయంలో ఆ పెద్దమనిషి చెప్పిందే నిజమని గుర్తిస్తారు.