స్టార్ గుర్తును విప్పేది కమాండ్ కాదు, షెల్

"స్టార్ (*) అంటే ఫోల్డర్‌లోని అన్ని ఫైళ్లూ. దాన్ని కమాండే అర్థం చేసుకుంటుంది. కోట్స్ పెట్టినా మానినా ఒకటే. ఏ షెల్‌లోనైనా ఇంతే." లినక్స్ కొత్తగా నేర్చుకునేవాళ్ల మధ్య తెగ తిరుగుతున్న చిట్కా ఇది. షెల్ అంటే మనం టైప్ చేసిన లైనును చదివి కమాండ్‌ను నడిపే ప్రోగ్రామ్.

"కమాండే అర్థం చేసుకుంటుంది" అన్న ముక్క దగ్గరే దారి తప్పింది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో అది నిజమే, అక్కడ గుర్తును విప్పుకునే బాధ్యత ప్రోగ్రామ్‌దే. లినక్స్‌లో అలా కాదు. ఎంటర్ నొక్కగానే షెల్ స్టార్‌ను తీసేసి, సరిపోయే పేర్లన్నీ అక్కడ పేర్చి, ఆ తర్వాతే కమాండ్‌ను పిలుస్తుంది. తొలినాళ్ల యూనిక్స్‌లో ఈ పనికి గ్లాబ్ అనే ప్రోగ్రామ్ విడిగా ఉండేది. గ్లాబింగ్ అన్న మాట అక్కడిదే. అనుమానముంటే కమాండ్ ముందు ఎకో (ఇచ్చిన మాటలను తిరిగి చూపించే కమాండ్) తగిలించి చూడండి, షెల్ ఏం పేర్చిందో కనబడుతుంది. ఫోల్డర్‌లో "-ఆర్ఎఫ్" అనే పేరుతో ఫైల్ ఉందనుకోండి. ఫైళ్లను చెరిపే కమాండ్‌తో "ఆర్ఎమ్ *" కొడితే ఆ పేరు కాస్తా ఆప్షన్ (కమాండ్ తీరును మార్చే సూచన) అయిపోయి, లోపలి ఫోల్డర్లు కూడా ఊడ్చుకుపోతాయి. ఆ ఫైల్ మాత్రం మిగులుతుంది! "./*" అని రాస్తే ఈ గొడవ లేదు.

కోట్స్ సంగతికొస్తే, ఫైళ్లను వెతికే ఫైండ్ కమాండ్‌తో నేనో సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. స్టార్‌ను స్వయంగా చదవగల కమాండ్ అది, కానీ గుర్తు దానిదాకా చేరాలి కదా. కోట్స్ లేకుండా "-నేమ్ *.లాగ్" అన్నాను. ఉన్నచోట లాగ్ ఫైల్ ఒక్కటీ లేకపోతే బ్యాష్ అనే షెల్ గుర్తును అలాగే వదిలేస్తుంది, అంతా సవ్యంగా నడుస్తుంది. ఒకటుంటే ఆ ఒక్క పేరునే వెతికి, లోపలి ఫోల్డర్లలో వేరే పేర్లతో ఉన్నవాటిని చప్పుడు లేకుండా వదిలేస్తుంది. రెండుంటే ఎర్రర్. ఒకే లైను, మూడు చోట్ల మూడు రకాలు. నాకు తగిలింది రెండో రకం, ఎర్రర్ వచ్చినా బాగుండేది.

"అన్ని ఫైళ్లూ" కూడా కాదు. చుక్కతో మొదలయ్యే పేర్లను స్టార్ మామూలుగా ముట్టుకోదు. బ్యాష్‌లో డాట్‌గ్లాబ్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తేనే వస్తాయి. "*.*" అంటే పేరులో చుక్క తప్పనిసరి.

షెల్స్ అన్నీ ఒకటి కావు. సరిపోయే పేరు లేకపోతే జెడ్‌షెల్ అనే మరో షెల్ కమాండ్‌ను అసలు నడపనే నడపదు. మ్యాక్‌లో 2019 నుంచి డీఫాల్ట్ అదే. ప్రశ్నార్థకం కూడా స్టార్ లాగే షెల్ విప్పే గుర్తు. అది ఉన్న వెబ్ చిరునామాను కోట్స్ లేకుండా కర్ల్‌కు (వెబ్ నుంచి డేటా తెచ్చే కమాండ్) ఇస్తే "నో మ్యాచెస్ ఫౌండ్" అనడానికి కారణం ఇదే, సర్వర్‌ను తిట్టుకోనక్కర్లేదు.