435 దగ్గర ఆగిపోయిన ప్రజాప్రాతినిధ్యం

2021 ఏప్రిల్ 26న అమెరికా జనగణన విభాగం కొత్త లెక్కలు విడుదల చేసిన రోజున న్యూయార్క్ రాష్ట్రం అమెరికన్ కాంగ్రెస్ దిగువ సభ అయిన ప్రతినిధుల సభలో ఒక స్థానం పోగొట్టుకుంది. మిగతా రాష్ట్రాల అంకెలు అలాగే ఉండి, న్యూయార్క్‌లో మరో 89 మంది పేర్లు లెక్కలోకి ఎక్కి ఉంటే ఆ స్థానం నిలిచేది. రెండు కోట్ల పైచిలుకు జనాభా ఉన్న రాష్ట్రంలో 89 మంది, అంటే రెండు ఆర్టీసీ బస్సులు కూడా సరిగ్గా నిండని మంది. న్యూయార్క్ బలం 27 నుంచి 26కు పడిపోయింది, వరుసలో చివరిదైన 435వ స్థానం మిన్నెసోటాకు మిగిలింది. పత్రికలు దీన్ని వింతగానే రాశాయి. అంతకన్నా పెద్ద వింతను మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. ఒక రాష్ట్రానికి స్థానం రావాలంటే మరో రాష్ట్రం పోగొట్టుకోక తప్పదన్న నియమం అమెరికా రాజ్యాంగంలో లేదు, 435 అనే అంకె అసలే లేదు.

అమెరికాలో జనం కోరేది ఒకటి, చట్టసభలు చేసేది మరొకటి అన్న విమర్శ పాతదే. దానికి ఎప్పుడూ వినిపించే కారణాలు రెండు. మొదటిది డబ్బు. 1981 నుంచి 2002 వరకు వచ్చిన 1,779 విధాన ప్రశ్నలను పరిశీలించి, సామాన్యుడి అభిప్రాయానికి విడిగా ఉన్న ప్రభావం దాదాపు శూన్యమని రాజనీతి శాస్త్రవేత్తలు మార్టిన్ గిలెన్స్, బెంజమిన్ పేజ్ 2014లో తేల్చిన నాటి నుంచి ఈ వాదనకు బలం పెరిగింది. రెండోది నియోజకవర్గాల గీతలు, అంటే తమ పార్టీకి లాభం వచ్చేలా సరిహద్దులు గీసుకోవడం. 2025లో టెక్సాస్ మొదలుపెట్టి, కాలిఫోర్నియా బదులిచ్చిన పటాల యుద్ధం పాఠకులకు కొత్త కాదు. రెండూ నిజమైన జబ్బులే. అయితే డబ్బుకు అంత బలం, ఒక్కో గీతకు అంత విలువ ఎందుకు వచ్చాయని అడిగితే సమాధానం మూడో చోట దొరుకుతుంది. అమెరికా ప్రతినిధుల సభ తన దేశానికి సరిపోనంత చిన్నది. వందేళ్ల కిందట కొందరు సభ్యులు తమ స్థానాలు కాపాడుకోవడానికి దాన్ని అలా బిగించి పోయారు.

ఆ కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. పందొమ్మిదో శతాబ్దమంతా, ఒక్క 1840 జనగణన తర్వాత తప్ప, పదేళ్లకోసారి సభ పెరుగుతూ వచ్చింది. జనం పెరిగితే సభ పెరగాలన్నది అప్పటికి ఎవరికీ వివరించనక్కరలేని విషయం. 1911 చట్టం 433 స్థానాలు పెట్టి, అరిజోనా, న్యూ మెక్సికో చేరితే చెరొకటి అని రాసింది. అలా 1913కి 435 అయింది. ఆ తర్వాత 1920 జనగణన వచ్చింది, దేశ చరిత్రలో తొలిసారి పట్టణ జనం పల్లె జనాన్ని మించిపోయారు. డెట్రాయిట్, లాస్ ఏంజెలెస్ లాంటి నగరాలు వలస కార్మికులతో ఉబ్బిపోయాయి. లెక్క ప్రకారం పంచితే అధికారం పల్లె రాష్ట్రాల చేతుల్లోంచి జారిపోతుంది. గ్రామీణ సభ్యులు జనగణన తేదీనే తప్పుపట్టారు. జనవరి 1న లెక్క తీశారు కాబట్టి పొలాల్లో పని లేక పట్నం వెళ్లిన కూలీలందరూ పట్నం వాసుల కింద చేరిపోయారన్నది వారి వాదన. ఏ రాష్ట్రమూ నష్టపోకుండా సభను 483కు పెంచుదామన్న ప్రతిపాదనను సభే తోసిపుచ్చింది, 435తో సరిపెట్టిన బిల్లును ఎగువ సభ సెనేట్ మూలన పడేసింది. పదేళ్లకోసారి స్థానాలు పంచాలన్న రాజ్యాంగ బాధ్యతను అమెరికన్ కాంగ్రెస్ ఆ దశాబ్దం పొడుగునా నెరవేర్చలేదు. కంచే చేను మేసిందనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు. 1928లో హూవర్ గెలిచిన అధ్యక్ష ఎన్నికలో కూడా ఒక్కో రాష్ట్రానికి దక్కే ఎలక్టోరల్ ఓట్లను 1910 నాటి జనాభాతోనే లెక్కగట్టారు.

చివరకు 1929లో రాజీ కుదిరింది. ఇకపై పంపకం దానంతటదే జరిగిపోతుంది, సభ మాత్రం పెరగదు. కాలిఫోర్నియా స్థానాలు ఒక్క ఊపున 11 నుంచి 20కి పెరిగాయంటే, అంతకుముందు పదేళ్లూ ఆ రాష్ట్ర ప్రజలు ఎంత నష్టపోయారో ఊహించుకోవచ్చు. అదే చట్టంలో మరో మతలబు ఉంది. నియోజకవర్గాలు ఇంచుమించు సమాన జనాభాతో, ఒక్కోటి ముక్కలు కాకుండా కలిసి ఉన్న భూభాగంతో ఉండాలని 1911 చట్టం పెట్టిన షరతు ఇందులో కనిపించకుండా పోయింది. అంటే రాష్ట్రాల మధ్య నగరాలకు దక్కిన న్యాయాన్ని రాష్ట్రాల లోపల తిరిగి లాక్కోవడానికి తలుపు తీసి ఉంచారు. ఆ తలుపు 1964లో సుప్రీంకోర్టు మూసేనాటికి జార్జియాలో అట్లాంటా నియోజకవర్గంలో 8,23,680 మంది ఉంటే, అదే రాష్ట్రంలోని తొమ్మిదో నియోజకవర్గంలో 2,72,154 మందే ఉన్నారు. సభ పరిమాణంపై వేసిన తాళం మాత్రం అలాగే ఉంది.

రాజ్యాంగం రాసినవారి మనసులో ఏముందో తెలుసుకోవడానికి వ్యాఖ్యానాలు అక్కరలేదు, ఆ చర్మపత్రాన్నే చూడవచ్చు. 1787 సెప్టెంబర్ 17, ఫిలడెల్ఫియా సమావేశం చివరి రోజు. రాజ్యాంగం శుభ్రంగా రాయించి సంతకాలకు సిద్ధంగా ఉంచారు. వేసవి అంతా అధ్యక్ష స్థానంలో కూర్చుని చర్చల్లో పాల్గొనని జార్జ్ వాషింగ్టన్ అప్పుడు లేచారు. 40 వేల మందికి ఒక ప్రతినిధికి మించరాదన్న నిబంధనను 30 వేలకు తగ్గించాలన్న ప్రతిపాదనను తాను సమర్థిస్తున్నానని చెప్పారు. ఎవరూ ఎదురు చెప్పలేదు. మొదటి పేజీ పదిహేనో వరుసలో ‘నలభై’ని గీకి, దాని మీద ‘ముప్ఫై’ అని రాశారు. ఆ దిద్దుబాటును రాజ్యాంగం చివర, సంతకాల దగ్గర నమోదు కూడా చేశారు. తుది ప్రతి సిద్ధమయ్యాక వాషింగ్టన్ నోరు తెరిచి అడిగిన మార్పు ఇదొక్కటే.

ఇప్పుడు ఒక ప్రతినిధికి సగటున 7,61,169 మంది. 1910 జనగణన నాటికి ఇది సుమారు 2.1 లక్షలు. ఈ తేడా ఎలా ఉంటుందో టెక్సాస్‌లో ఒక శివారు పట్టణంలో స్థిరపడ్డ మా మేనల్లుడు చెప్పాడు. పౌరసత్వం వచ్చాక తొలిసారి తన ప్రతినిధికి ఉత్తరం రాశాడు, గ్రీన్‌కార్డు వరుసలో పదేళ్లకు పైగా చిక్కుకున్న స్నేహితుల గురించి. రెండు వారాలకు జవాబు వచ్చింది. మొదటి పేరాలో ‘మీ అభిప్రాయం నాకు ఎంతో విలువైనది’ అని, తక్కిన నాలుగు పేరాల్లో సరిహద్దు గోడ గురించి. ఆ కార్యాలయాన్ని నేను తప్పుపట్టను. ఏ ప్రతినిధికైనా శాశ్వత సిబ్బంది 18 మందికి మించకూడదు, ఆ పరిమితి 1970ల నాటిది. ఏడున్నర లక్షల మంది ఉత్తరాలను ఇంత చిన్న గుంపు చదవాలంటే అచ్చు జవాబులు తప్ప దారి లేదు. ఇంటింటికీ తిరిగి గెలవడం కుదరనంత పెద్ద నియోజకవర్గంలో టీవీ ప్రకటనలతో గెలవాలి, ప్రకటనలకు డబ్బు కావాలి, డబ్బిచ్చినవారి ఫోన్ ముందు ఎత్తాలి. గిలెన్స్, పేజ్ లెక్కల్లో కనిపించిన డబ్బు బలానికి పునాది ఇక్కడుంది.

సభ చిన్నదైతే ఒక్క ఖాళీ ఎంత బరువవుతుందో 2025లో చూశాం. హ్యూస్టన్ నడిబొడ్డు నియోజకవర్గ ప్రతినిధి సిల్వెస్టర్ టర్నర్ మార్చి 5న కన్నుమూశారు. గవర్నర్ ఉప ఎన్నికను నవంబర్ 4కు పెట్టారు, అందులో ఎవరికీ మెజారిటీ రాక 2026 జనవరి 31న మళ్లీ ఓటేయాల్సి వచ్చింది. దాదాపు పదకొండు నెలలు అక్కడి ఏడున్నర లక్షలకు పైగా జనానికి సభలో ఎవరూ లేరు. ఈ లోపునే, మే 22 తెల్లవారుజామున, పన్నులు తగ్గించి పేదల వైద్య బీమాకు కోత పెట్టే ట్రంప్ మహా బిల్లు 215–214తో గట్టెక్కింది. ఆ వేసవిలో వచ్చిన సర్వేల్లో ఎక్కువ వాటిలో దాన్ని ఇష్టపడని వారిదే పైచేయి. ఆ రోజు ఖాళీగా ఉన్న మూడు స్థానాలూ డెమోక్రాట్లు మరణించి ఖాళీ అయినవే. వాళ్లు ఉండి ఉంటే బిల్లు ఓడేదని నేను అనను. అధికారపక్షం సభ్యుడొకరు నిద్రపోయి ఓటింగు తప్పిపోయినా నెగ్గిందంటే, నాయకత్వం చేతిలో ఇంకా కొన్ని ఓట్లు ఉన్నట్టే. కానీ 33 కోట్లకు పైగా జనం ఉన్న దేశంలో ఇంత పెద్ద నిర్ణయం మూడు మరణాలు, ఒక కునుకు లెక్కల మధ్య ఊగిసలాడిందన్నది కాదనలేని నిజం.

సభ పెరిగితే అల్లరి పెరుగుతుందని, సభ్యుడి విలువ తగ్గి పార్టీ నాయకత్వం పెత్తనం హెచ్చుతుందని, అసలు కూర్చోబెట్టడానికి చోటే లేదని ఎదుటి పక్షం అంటుంది. కాలిఫోర్నియా నుంచీ వ్యోమింగ్ నుంచీ చెరి ఇద్దరే వచ్చే సెనేట్ అలాగే ఉండగా దిగువ సభను పెంచి ఏం లాభమని కూడా అడుగుతుంది. సెనేట్ గురించిన మాట నిజమే. కానీ ఏ రాష్ట్రమూ తన అంగీకారం లేకుండా సెనేట్‌లో సమాన ఓటు కోల్పోరాదని రాజ్యాంగమే గట్టిగా కట్టేసింది గనుక ఆ గోడకు తల కొట్టుకోవడం వృథా. దిగువ సభ తాళం మామూలు చట్టంతో వేసినది, మామూలు చట్టంతోనే తెరుచుకుంటుంది. పైగా అధ్యక్ష ఎన్నికలో రాష్ట్రాల ఎలక్టోరల్ ఓట్లు చాలావరకు సభ స్థానాల మీదే ఆధారపడతాయి కాబట్టి అక్కడి వంకర కూడా కొంత సరవుతుంది. ఇక చోటు సంగతి, ఆడలేక మద్దెల ఓడు అన్న చందం. 1913లో సభ్యులు పెరిగినప్పుడు ఎవరి బల్ల వారికి ఉండే ఏర్పాటు తీసేసి బెంచీలు వేసుకున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. జనాభా ఘనమూలానికి దగ్గరగా దిగువ సభ ఉండటం చాలా దేశాల్లో కనిపించే పోలిక. ఆ లెక్కన అమెరికాకు 692 మంది కావాలి, ఒక్కొక్కరికి ఐదు లక్షల లోపు జనం. బ్రిటన్ అమెరికాలో అయిదో వంతు జనాభాతో 650 మందిని కూర్చోబెట్టుకుంటోంది.

ఇదంతా రాస్తుంటే తెలుగువాడిగా నాకు కొంత ఇబ్బంది లేకపోలేదు. 1976లో మనమూ తాళం వేసుకున్నాం. 1971 జనాభా లెక్కల దగ్గర లోక్‌సభ పంపకాన్ని ఆపి, 2001లో ఆ గడువును 2026 తర్వాత వచ్చే తొలి జనగణన దాకా పొడిగించాం. జనాభాను అదుపు చేసిన దక్షిణాది రాష్ట్రాలు అందుకు శిక్ష అనుభవించకూడదన్న ఆ ఆలోచనలో న్యాయం ఉంది, ఆంధ్రప్రదేశ్ 25, తెలంగాణ 17 స్థానాల వాటా తగ్గుతుందన్న భయమూ నాకుంది. అయినా అమెరికా అనుభవం ఒకటి చెబుతోంది. ఏ రాష్ట్రానికి ఎంత వాటా అన్న ప్రశ్న వేరు, ఎంతమందికి ఒక ప్రతినిధి అన్న ప్రశ్న వేరు. మొదటిదానికి భయపడి రెండోదాన్ని కూడా తాళం వేస్తే, వాటా నిలబెట్టుకున్న మన ఎంపీ కూడా ఇరవై లక్షల మందికి ఒక్కడుగా మిగులుతాడు. మన దగ్గర వాదనలన్నీ మొదటి ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాయి.

తిరిగి అమెరికాకు వస్తే, ఈ తాళం పడకుండా చూడాలని మొదటి తరమే ప్రయత్నించింది. 1789లో కాంగ్రెస్ రాష్ట్రాలకు పంపిన పన్నెండు సవరణల్లో మొట్టమొదటిది వాక్ స్వాతంత్ర్యం కాదు, జనాభాతో పాటు సభను పెంచుతూ పోయే సూత్రం. కావలసినన్ని రాష్ట్రాలు ఆమోదించకపోవడంతో అది నిలిచిపోయింది. గడువేదీ పెట్టలేదు కాబట్టి సాంకేతికంగా నేటికీ రాష్ట్రాల ముందే ఉంది. జనం పెరిగే పెద్ద రాష్ట్రాల ముందు తన మాట పలచబడుతుందని భయపడడానికి కారణం ఉన్న చిట్టి రాష్ట్రం డెలావేర్, తక్కిన సవరణలను ఒప్పుకుని 1790 జనవరిలో దీన్ని మాత్రం తిరస్కరించింది. 2020 జనగణన తర్వాత మోంటానాలో దాదాపు 5.4 లక్షల మందికి ఒక ప్రతినిధి ఉన్నారు. డెలావేర్‌లో 9.9 లక్షల మందికి ఒక్కరు. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ జనం ఉన్న నియోజకవర్గం ఇప్పుడు అదే.