ప్యాకార్డ్‌ను ముంచింది చౌక కారు కాదు

అమెరికా కార్ల సంస్థ ప్యాకార్డ్ పతనం గురించి రాసేవారిలో చాలామంది నేరమంతా ఒకే ఒక్క కారు మీద మోపుతారు. 1935 జనవరిలో వెయ్యి డాలర్లకు లోపు ధరతో మొదలైన ‘వన్ ట్వంటీ’ వచ్చాకే ఆ పేరుకున్న పరువు పలచబడిందనీ, దిగజారుడు అక్కడి నుంచే మొదలైందనీ వారి వాదన. వినడానికి సబబుగా తోచే ఈ మాట, ఏయే సంవత్సరంలో ఏం జరిగిందో వరుసగా చూసుకుంటూ పోతే నిలవదు. చౌక కారు ఆ సంస్థ ప్రాణం కాపాడింది. గండం గడిచాక ఖరీదైన కారును పట్టించుకోకపోవడమే దాన్ని ముంచింది.

ప్యాకార్డ్ ఎంత ఎత్తున ఉండేదో ఇప్పటివారికి ఊహకు అందదు. తాను కొన్న విన్‌టన్ కారు పదేపదే మొరాయించడంతో విసిగిన జేమ్స్ వార్డ్ ప్యాకార్డ్, సోదరుడు విలియంతో కలిసి 1899లో ఒహాయో రాష్ట్రంలోని వారెన్ పట్టణంలో తన తొలి కారును తయారుచేశాడు. 1903లో కర్మాగారం డెట్రాయిట్‌కు తరలింది. అక్కడ ఆల్బర్ట్ కాన్ రూపకల్పన చేసిన కాంక్రీటు భవనాలు పరిశ్రమల నిర్మాణానికే ఒరవడి దిద్దాయి. ఎద్దుల మెడ మీది కాడిని తలపించే వంపుతో ఉండే రేడియేటర్‌ను చూసి ప్యాకార్డ్‌ను దూరం నుంచే గుర్తుపట్టేవారు. 1915లో జెస్సీ విన్సెంట్ రూపొందించిన 12 సిలిండర్ల ‘ట్విన్ సిక్స్’ ఆ కాలపు ఇంజనీరింగ్‌ను ఒక్క అంగలో ముందుకు తీసుకెళ్లింది. 1920ల్లో అమెరికా సంపన్నుల ఇళ్ల ముందు ఎక్కువగా కనిపించిన విలాసపు కారు ప్యాకార్డే, క్యాడిలాక్ కాదు. ‘ఈ కారు ఉన్న మనిషినే అడగండి’ అన్న దాని ప్రకటనలో బడాయి లేదు. అడిగితే అలాంటి జవాబే వచ్చేది.

తర్వాత మహామాంద్యం వచ్చింది. పీర్‌లెస్, మార్మన్, డ్యూసెన్‌బర్గ్, పియర్స్ యారో వంటి గొప్ప పేర్లన్నీ 1938 నాటికి తుడిచిపెట్టుకుపోయాయి. క్యాడిలాక్‌కు జనరల్ మోటార్స్, లింకన్‌కు ఫోర్డ్ అండగా ఉన్నాయి. ప్యాకార్డ్‌కు వెనక నిలిచేవారు లేరు. ఆ స్థితిలో, భారీ ఉత్పత్తిలో చెయ్యి తిరిగిన వారిని జనరల్ మోటార్స్ నుంచి రప్పించి తెచ్చిన ‘వన్ ట్వంటీ’ మంచి కారు. 1937 నాటికి ఆరు సిలిండర్ల మరో చౌక మోడల్ కూడా తోడై, సంస్థ ఏడాదికి లక్షకు పైగా కార్లు తయారుచేసింది. పోటీదారులు చేసింది కూడా ఇదే. 1936లో లింకన్ ‘జెఫిర్’తోనూ, క్యాడిలాక్ ‘సిరీస్ 60’తోనూ ధర మెట్లు దిగివచ్చాయి. దిగడమే నేరమైతే ఆ రెండు పేర్లు కూడా ఈపాటికి మిగలకూడదు.

తేడా అంతా యుద్ధం తర్వాతే వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ప్యాకార్డ్ రోల్స్ రాయిస్ ‘మెర్లిన్’ విమాన ఇంజన్లను 55 వేలకు పైగా తయారుచేసింది. మస్టాంగ్ యుద్ధ విమానాలను బెర్లిన్ దాకా నడిపించినవి ఈ ఇంజన్లే. శాంతికాలంలోకి అడుగుపెట్టే నాటికి సంస్థ చేతిలో డబ్బుంది, పేరుంది, నైపుణ్యముంది. అప్పటి అధ్యక్షుడు జార్జ్ క్రిస్టఫర్ మాత్రం సంఖ్యనే నమ్ముకున్న మనిషి. కారు ఏదైనా కళ్లకద్దుకుని కొనే ఆ రోజుల్లో, ఉన్న ఉక్కును ఖరీదైన కార్లకు కేటాయించి పైమెట్టును తిరిగి పట్టుకోవాల్సిన చోట, ఆయన మధ్యతరగతి ధరల కార్లనే ముందుంచాడు. నా దృష్టిలో ప్యాకార్డ్ చరిత్రలో అసలు తప్పు ఇదే. 1948లో తన ముందునాటి మోడల్ ‘క్లిప్పర్’ బాడీకే కొత్త రేకులు తొడిగి ఉబ్బెత్తుగా చేసి వదిలారు. జనం దాన్ని చూలు ఏనుగు అని ఎగతాళి చేశారు. అదే ఏడు క్యాడిలాక్ తోక రెక్కలు తొడుక్కుంది, మరుసటి ఏడు ఎనిమిది సిలిండర్లను ‘వీ’ ఆకారంలో అమర్చిన సరికొత్త వీ8 ఇంజన్ తెచ్చింది. ప్యాకార్డ్ మాత్రం 1954 దాకా ఎనిమిది సిలిండర్లను ఒకే వరుసలో పేర్చిన పాత పద్ధతి ఇంజన్‌తోనే నెట్టుకొచ్చింది. 1950 మోడల్ సంవత్సరంలో క్యాడిలాక్ తొలిసారి లక్ష దాటితే, ప్యాకార్డ్ అందులో సగానికీ చేరలేదు. ధనవంతుడు ఒకసారి పక్క దుకాణం గుమ్మం ఎక్కాక తిరిగి రప్పించడం ఎంత కష్టమో ఆ తర్వాతి సంవత్సరాలు చూపించాయి.

1952లో పగ్గాలు చేపట్టిన జేమ్స్ నాన్స్ ఈ సంగతిని సరిగానే గ్రహించాడు, కానీ అప్పటికి వ్యవధి లేదు. ప్యాకార్డ్‌కు బాడీలు తయారుచేసిచ్చే బ్రిగ్స్ సంస్థను 1953 చివర్లో క్రైస్లర్ కొనేసింది. దాంతో కానర్ అవెన్యూలోని ఇరుకైన ప్లాంటులో కార్ల తయారీ మొదలుపెట్టాల్సి వచ్చి, నాణ్యత దెబ్బతింది. 1954 అక్టోబరులో స్టూడీబేకర్‌తో విలీనమైనప్పుడు ఆ సంస్థ లెక్కలను లోతుగా పరిశీలించలేదు. నష్టం లేకుండా గట్టెక్కడానికి స్టూడీబేకర్ అమ్మాల్సిన కార్ల సంఖ్య చెప్పినదానికంటే చాలా ఎక్కువని తర్వాత తేలింది. ఇంత గందరగోళంలోనూ 1955 ప్యాకార్డ్ అద్భుతమైన కారు. ముందు చక్రాలనూ వెనక చక్రాలనూ పొడవాటి ఉక్కు కడ్డీలతో కలిపి, వెనక బరువు పెరిగితే ఎలక్ట్రిక్ మోటారు తనంతట తానే కారును సమం చేసేలా అమర్చిన ఆ సస్పెన్షన్ (కుదుపులను తట్టుకునే ఏర్పాటు) ముందు పోటీదారుల కార్లు పాతబడినట్లు కనిపించాయి.

1956లో నాన్స్ చౌక కారును ‘క్లిప్పర్’ అన్న వేరే పేరుకు మార్చి, ప్యాకార్డ్ పేరును ఖరీదైన కార్లకే పరిమితం చేశాడు. పదేళ్ల ముందే జరగాల్సిన పని అది. ప్యాకార్డ్ పేరు లేకపోతే అమ్మలేమని డీలర్లు మొరపెట్టుకోవడంతో, అదే సీజన్‌లో క్లిప్పర్ డిక్కీ మూత మీద ఆ పేరును మళ్లీ చిన్న అక్షరాలతో అతికించారు. జూన్‌లో డెట్రాయిట్‌లో తయారీ ఆగిపోయింది. మరుసటి ఏడు ఇండియానాలోని సౌత్‌బెండ్‌లో స్టూడీబేకర్ బాడీతో వచ్చిన కారుకు పెట్టిన పేరు ‘ప్యాకార్డ్ క్లిప్పర్’.