పిరమిడ్డూ, పడుకున్న అటెన్షనూ

ఆగస్టు పదిహేను దగ్గర పడిందంటే మన బళ్లలో డ్రిల్లు సారు గొంతు పోతుంది, ఏడో తరగతికి లెక్కల పీరియడ్లు పోతాయి. మొదటిదానికి బాధపడేది సారొక్కరే, రెండోదానికి ఎవరూ లేరు. లెజీమూ డంబెల్సూ ఎలాగో నెట్టుకొస్తాయి. ఎవడో ఒకడు కుడికి బదులు ఎడమకి తిరుగుతాడు, పక్కవాడికి మోచెయ్యి తగులుతుంది, అక్కడితో సరి. అసలు తంటా అంతా పిరమిడ్‌తోనే.

సారు ఆరుగురితో మొదలుపెట్టారు. కింద ముగ్గురు, మీద ఇద్దరు, పైన ఒకడు. హెచ్చెమ్ గారికి ఆరుగురు ఆనలేదు. "పక్క బళ్లో పదిమందిని లేపారటండీ" అన్నారు. పోయిన లెక్కల పీరియడ్లు పనికొచ్చేది సరిగ్గా ఇలాంటప్పుడే. ఒక్కొక్కడూ 30 కిలోలనుకుంటే, వాడి బరువూ వాడు మోసే బరువూ కలిసి కింద ఇద్దరి మీద చెరిసగం పడతాయి. అలా లెక్కేస్తే ఆరుగురి పిరమిడ్‌లో కింది వరస నడిమివాడు మోసేది 45 కిలోలు, అంచువాళ్లు ఇరవై రెండున్నర. పదిమందైతే కింద నడుమనున్న ఇద్దరూ తలా 64 కిలోల దాకా మొయ్యాలి, అంచువాళ్లకి మాత్రం 26 చిల్లరే. అందుకే గట్టివాణ్ణి నడుమ పెట్టాలి. ఎత్తు ప్రకారం నిలబెట్టి, పొడుగువాణ్ణి నడుమ పెడితే పనవదు.

2015లో జపాన్‌లో, ఒసాకా దగ్గరి యావోలో, ఒక బడివాళ్లు పదంతస్తులు కట్టబోతే కూలి పిల్లలకి దెబ్బలు తగిలాయని కూడా సారు చెప్పి చూశారు. "మనది నాలుగేగా!" అన్నారు హెచ్చెమ్. చివరికి బేరం కుదిరింది. ఆరుగురే, కానీ పైవాడి చేతిలో జెండా ఉండాలి.

ప్రాక్టీసు బాగానే సాగింది. కిందివాళ్లు చేతులు సరిగ్గా భుజాల కింద, మోకాళ్లు తుంటి కింద పెట్టి, వీపు బల్లపరుపుగా ఉంచాలి. ఎక్కేవాడు కిందనున్న ఇద్దరి మీదా ఒక్కో చెయ్యి, ఒక్కో మోకాలు వేస్తాడు. చెయ్యి భుజానికి దగ్గరగా, మోకాలు తుంటి ఎముక మీద. నడుం మధ్యలో మోకాలు పడిందా, కిందివాడి వీపు జారుతుంది, వాడి నోటి నుంచి "సార్, చచ్చాను సార్" వస్తుంది. బూట్లు విప్పించాలి, బకిల్ బెల్టులు తీయించాలి, జేబుల్లో పెన్నులు వెతకాలి (పెన్ను లేదన్నవాడి జేబులోనే కంపాస్ దొరుకుతుంది). అరచేతుల నూనె మట్టితో రుద్దించాలి, పొద్దున తలకి పట్టించిందంతా అక్కడే ఉంటుంది. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు పట్టుకోడానికి సిద్ధంగా నిలబడాలి. విజిల్‌కో వరస ఎక్కాలి, మూడంకెలు లెక్కపెట్టి పైనుంచి ఒక్కో వరసా దిగాలి. పైవాడు ముందుకి దూకడం మాత్రం వద్దే వద్దు. వాడు దూకిన ఊపుకి కిందివాళ్లు వెనక్కి పోతారు.

కితకితల సమస్య కూడా తీరింది. నవ్వేవాణ్ణి అంచుకి మార్చారు.

ఆ రోజు రానే వచ్చింది. మొదటి విజిల్, రెండో విజిల్, మూడో విజిల్. కింద హాస్టల్ పరుపులు, మీద ఆరుగురూ చెక్కు చెదరకుండా ఉన్నారు. పైవాడు ఒక చెయ్యి ఎత్తి జెండా ఊపాడు.

మైకు సెట్టు కుర్రాడికి హెచ్చెమ్ గారు పొద్దున చెప్పింది ఒకటే ముక్క: "జెండా పైకి లేవగానే జనగణమన వెయ్యి." కుర్రాడు జెండా లేవడం చూశాడు. వేశాడు.

ఒకటో తరగతి నుంచీ నూరిపోసిన పాఠం వృథా పోలేదు. కింది వరసలో అంచువాళ్లిద్దరూ ఠక్కున లేచి అటెన్షన్‌లో నిలబడ్డారు. 45 కిలోల కిందనున్న నడిమివాడికి ఆ అవకాశం లేకపోయింది. మీదివాళ్లిద్దరూ చెరోవైపు జారి పరుపుల మీద పడ్డారు. పట్టుకోవలసిన నలుగురూ చేతులు తొడలకి ఆనించి, చూపు సూటిగా పెట్టి నిలబడే ఉన్నారు. విజిల్ నోట్లో ఉండగానే సారూ బిగుసుకుపోయారు. పైవాడు నడిమివాడి వీపు మీద చతికిలబడ్డాడు గానీ, జెండా నేలకి తగలనివ్వలేదు. బోర్లా పడ్డ నడిమివాడు కూడా చేతులు రెండూ పక్కలకి ఆనించి, మడమలు కలిపి, పడుకునే అటెన్షన్‌లోకి వెళ్లాడు. అలా 52 సెకన్లు.

పాట అయ్యాక లెక్క చూస్తే దెబ్బ ఒక్కటే, ఒక మోకాలు గీసుకుంది. సారు పిల్లల్ని లేపి, మైకు కుర్రాడి కోసం చుట్టూ చూస్తున్నారు. ఈలోగా ముఖ్య అతిథి గారు మైకు అందుకున్నారు. విన్యాసాలన్నీ బాగున్నాయట, ఆఖర్న పడుకుని కూడా దేశానికి వందనం చేసే భంగిమ మాత్రం తాను ఏ బడిలోనూ చూడలేదట.

హెచ్చెమ్ గారు సారు వైపు వంగి చెవిలో అన్నారు: "జనవరి 26కి అదే ఉంచండి. పదిమందితో."