మా పెరట్లో లంకెబిందెలు

డాలస్ నుంచి వచ్చిన మా బావ ఈసారి చాక్లెట్లు తగ్గించేసి మెటల్ డిటెక్టర్ తెచ్చాడు. అక్కడ సెలవొస్తే చాలు జనం పాత ఇళ్ల పెరళ్లలో నాణేలు వెతుక్కుంటారంట, మరి మనది ముత్తాత కట్టిన మండువా లోగిలి, కోనసీమలో ఇంత పాత ఇల్లు పెట్టుకుని ఊరికే కూర్చోవడమేంటి అని మనోడి బాధ.

ఇనుముకి బొంగురుగా, రాగికీ వెండికీ కీచుమని మోగుద్దన్నాడు. బానే ఉంది, కానీ అల్యూమినియంకి కూడా మోగుద్దని చెప్పలేదు. దాంతో పెదనాన్న బీపీ మాత్రల అట్టలన్నీ బయటికొచ్చినియ్, తర్వాత సోడా మూతలు, తర్వాత ఓ పౌడర్ డబ్బా మూత, అది చూసి అత్తయ్య "నా పెళ్లప్పటిదిరా ఇది" అని కొంగుతో తుడిచి దాచుకుంది.

చివరికి పనస చెట్టు కింద చిల్లుకాణీ దొరికింది. మట్టి దులిపితే మధ్యలో చిల్లు, దాని మీద కిరీటం, 1944. యుద్ధంలో రాగి కలిసొస్తుందని చిల్లు పెట్టి కొట్టిన కాణీలు, రూపాయికి 64. బావ మొహం వెలిగిపోయింది. పెదనాన్న మాత్రం అరుగు మీంచే "అల్లుడూ, 1878 నాటి చట్టం ఉంది, దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి చెప్పాలి" అన్నాడు. చిల్లుకాణీ పది రూపాయలు చేస్తుందా చెయ్యదా అని మధ్యాహ్నం భోజనాల దాకా వాదించుకున్నారు.

సాయంత్రం మీటర్ బోర్డు గోడ పక్కన కనకాంబరం మొక్కల్లో మిషన్ ఒకటే అరుపు. ఎటు జరిపినా అరుస్తోంది. తవ్వుతుంటే నల్లగా బొగ్గులు పడ్డాయి, బొగ్గుల కింద తెల్లగా ఏదో గడ్డకట్టి ఉంది. అంతే, అత్తయ్య నెత్తి కొట్టుకుంది. "లంకెబిందెలేరా! రాసిపెట్టి లేనోళ్లు ముట్టుకుంటే బంగారం బొగ్గులైపోద్దని మా అమ్మ చెప్పేది, నిన్ను స్నానం చేసి తవ్వరా అంటే విన్నావా!" అని ఆ బొగ్గులన్నీ చాటలోకి ఎత్తి, పసుపు కుంకుమ చల్లి, దేవుడి గదిలో పెట్టేసింది. మంచి ముహూర్తం చూస్తే మళ్లీ బంగారం అవుతాయని ఆవిడ ఆశ. ఈలోగా బావ ఇంకాస్త తవ్వి, వేరనుకుని ఓ తీగ పీకేసి, కింద నుంచి పచ్చగా కిలుం పట్టిన రాగి రేకు లాగాడు. తామ్ర శాసనమేమో అని చింతపండు పెట్టి తోమాం కూడా, ఒక్క అక్షరం కనపడితే ఒట్టు.

రాత్రి పెదనాన్న మజ్జిగ కోసం ఫ్రిజ్ తలుపు పట్టుకుని "బాబోయ్" అని గెంతాడు. చెయ్యంతా జివ్వుమందంట. పొద్దున్నే కరెంటు మేస్త్రీ వచ్చి గుంటా, రేకూ చూసి "ఇంటి ఎర్తింగ్ పీకేశారేంటండీ బాబూ, లీకైన కరెంటు మనకి కొట్టకుండా భూమిలోకి పోయేది ఈ రేకు మీంచేనండి, బొగ్గులు దానికోసం వేసినవేనండి, ఆ తెల్లది ఉప్పండి, అయినా లోతుగా పెట్టాల్సింది ఎవడో మోకాల్లోతులో పెట్టేసి పోయాడండి" అన్నాడు. పాత బొగ్గులున్నా పర్లేదు ఇచ్చెయ్యండన్నాడు. అత్తయ్య దేవుడి గది తలుపుకి అడ్డంగా నిలబడింది, ఇవ్వనంటే ఇవ్వనంది, ముహూర్తం శుక్రవారానికి కుదిరిందంట.

కొత్త బొగ్గుల బస్తా, రాళ్లుప్పు, మేస్త్రీ కూలీ, అన్నీ బావే ఇచ్చుకున్నాడు. పెదనాన్న ఆ లెక్కంతా కాగితం మీద వేసుకుని, "చూశావా అల్లుడూ, పది రూపాయలు దాటింది, ఇప్పుడు కలెక్టర్‌కి చెప్పొచ్చు" అంటాడు.