సూర్యలంకలో షాపు కొనేవాళ్లకు

బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్‌లో షాపు స్థలం కొంటే అద్దెలతోనే పెట్టుబడి తిరిగొస్తుందని మీరు రాశారు. మాది గుంటూరు. మా బావగారు అక్కడ రెండేళ్లు టిఫిన్ హోటల్ నడిపారు కాబట్టి చెబుతున్నా. బేరమంతా శని, ఆదివారాలే. కార్తీకంలో సముద్ర స్నానాలకొచ్చే జనం అదనం. మిగతా రోజుల్లో గ్యాసు ఖర్చు కూడా వచ్చేది కాదు, అద్దె మాత్రం నెలంతటికీ కట్టాలి కదండీ! 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. రేకుల కప్పు లేచిపోయింది, ఫ్రిజ్‌లు పాడయ్యాయి. ఆ దెబ్బతో ఆయన మూసేశారు.

మీరు అసలు ఎత్తనిది సీఆర్‌జెడ్ (సముద్ర తీరంలో కట్టడాలకు కేంద్రం పెట్టిన నిబంధనలు) సంగతి. 2011 నోటిఫికేషన్ ప్రకారం పల్లె తీరాల్లో హైటైడ్ లైన్ (పోటు నీళ్లు చేరే గీత) నుంచి 200 మీటర్ల లోపు కొత్తగా పక్కా హోటలు కట్టనివ్వరు. 2019లో దాన్ని 50 మీటర్లకు తగ్గించింది జనసాంద్రత బాగా ఎక్కువున్న పల్లెలకే. ‘గదిలోంచే సముద్రం కనపడుతుంది’ అని బ్రోకరు చూపించే స్థలం ఆ హద్దుకు ఎటువైపుందో కొనేవాళ్లు ముందు కొలిపించండి. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమేమో, రిజిస్ట్రేషన్ చేయని 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో కూడా చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. మా బావగారి డిపాజిట్ ఆ షాపు ఓనరు ఇంకా తిరిగివ్వలేదు.